పదో మనిషి

పది మంది పనిచేసే చోటికే
చట్టం వస్తుందంట.
అందుకే మా మస్టర్లో తొమ్మిది పేర్లు.
పదేళ్లుగా తొమ్మిదే.

రాసేది నేను.
ఎర్రగుంట్ల దాటి ముద్దనూరు దిక్కు పోతాంటే
ఎడమ చేతి పక్క తెల్లచెట్లు కనపడితే
అదే మా బండల ఫ్యాక్టరీ.
అవి వేపచెట్లే.
వాన పడిన రోజు ఒక పూట పచ్చగా ఉంటాయి.

తొమ్మిది మందిలో ఒకాయన ఓనరు బామ్మర్ది.
ఇంకొకాయన ప్రొద్దుటూరులో చీరలమ్ముకుంటాడు.
కంబగిరి చచ్చిపోయి రెండేళ్లయింది,
నెలనెలా సంతకం పెడతానే ఉన్నాడు.
ఆ సంతకం నా చేతికి బాగా అలవాటు.

షెడ్డు కింద బండలు కోసేది ఇరవై ముగ్గురు.
వాళ్ల లెక్క వేరే నోటుపుస్తకంలో,
శనివారం శనివారం, పెన్సిలుతో.

జీపు వచ్చేరోజు ముందే ఫోనొస్తుంది.
"లెయ్యండబ్బీ" అంటాడు మేస్త్రీ.
మిషన్లు ఆగుతాయి, చెవుల్లో హోరు ఆగదు.
అందరూ బురదదిబ్బ వెనక్కి పోయి కూచుంటారు
బీడీ ముట్టించకుండా,
పొగ కనపడుతుందని.
ఆఫీసరు టీ తాగి
తొమ్మిది అని రాసుకుంటాడు.
ఆయన బూట్ల మీది దుమ్ము
వాచ్‌మన్ గుడ్డతో తుడుస్తాడు.

మే నెలలో బోరు ఎండితే
నీళ్లు లేకుండానే కోత.
అప్పుడు మొగాలు కనపడవు,
దగ్గును బట్టి మనిషిని గుర్తుపడతాం.
రెండు చిన్నవి, ఒక పెద్దది అయితే పెద్దక్క.
ఆగకుండా వస్తే పుల్లన్న.
సద్దిగిన్నె మూత తీస్తే
చెనిక్కాయ పొడి మీద బండ పొడి.
ఊదుకుంటారు, ఊదితే పోయేదా అది,
కలుపుకొని తింటారు.

బ్లేడుకు ఇనుప మూత ఒకటుంటుంది.
మిషన్ కొన్నప్పుడే వచ్చింది.
అదుంటే చెయ్యి లోపలికి పోదు,
బండ కూడా తొందరగా పోదు.
అందుకని దాన్ని ఊడదీసి
గోడౌన్ తలుపు గాలికి కొట్టుకోకుండా అడ్డం పెట్టినారు.

కుళ్లాయప్పవి మూడు వేళ్లు పోయినప్పుడు
నేను మస్టర్ తెరిచి చూసినా,
యాడన్నా రాయొచ్చేమో అని.
ఆ పేరు లేదు.
లేని మనిషికి వేళ్లెట్ల పోతాయి?
ఓనరు చెడ్డోడేం కాదు.
ఆస్పత్రి బిల్లు కట్టినాడు,
ఐదువేలు చేతిలో పెట్టినాడు,
మిగిలిన చేతిలో.
కుళ్లాయప్ప దండం పెట్టబోయినాడు.
కట్టుగుడ్డ చెయ్యి, మంచి చెయ్యి
ఎంతసేపటికీ కలవలేదు.

ఆ రోజు నుంచి నాకొకటే ఆలోచన.
రావాల్సిన దుడ్లే అయింటే
దండం పనే లేదు గదా.

మా బండలు మదరాసు దాకా పోతాయి.
నేలకు ఆనే పక్క, ఎవరూ చూడని పక్క
ఒక్కోసారి తెల్లగా అరచేతి గుర్తుంటుంది.
సిమెంటులో పోతుంది.

పోయిన నెల కడపలో డాక్టరు
నా ఎక్స్‌రే వెలుతురుకు పట్టి అడిగినాడు:
"ఏం పని చేస్తావు?"
"గుమస్తా సార్."
"రాసుకునేవాడికి ఇదెట్లొచ్చింది?"
నా కుర్చీ షెడ్డుకు పన్నెండు అడుగులు,
మధ్యలో ఒక రేకు,
రేకుకు బొక్కలు.
ఫ్యాక్టరీ కాగితం ఏదన్నా తెమ్మన్నాడు.

ఇంటికొచ్చినాక తట్టింది,
తొమ్మిది పేర్లు రాసినోడి పేరు
ఆ తొమ్మిదిలో లేదని.

నిన్న రాత్రి అందరూ పోయినాక
మస్టర్లో కంబగిరి కింద ఒక గీత కొట్టి
పది అని అంకె వేసినా.
ఎవరి పేరు రాయాల్నో తెల్లవారే దాకా తేలలేదు.
పుల్లన్నది రాస్తే పెద్దక్కది,
పెద్దక్కది రాస్తే కుళ్లాయప్పది.
పేజీలో ఇంకా పదమూడు గీతలకు చోటుంది.

పొద్దున మేస్త్రీ వచ్చి అడిగినాడు,
"ఏంది సామీ, పెన్సిలు పోగొట్టుకున్నావా?"
లేదన్నా.
జేబులోనే ఉంది.
చేతిలో ఉండేది ఇంకు పెన్ను.